బడి వదిలాక చదువు చెప్పేవారికి శిక్షణ: చిల్లకల్లు నేపథ్యంలో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

జగ్గయ్యపేట మండలం చిల్లకల్లు హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీది ఊరు. చుట్టూ మెట్ట పొలాలు. పత్తి తీతలు, మిరప కోతల రోజుల్లో కూలికి పోయిన తల్లిదండ్రులు ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. ఇలాంటి ఊళ్లలో బడి వదిలాక పిల్లల్ని కూర్చోబెట్టి చదివించేవారి అవసరం ఎక్కువ. 2009 నాటి విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదంటుంది. కనుక ఆ పని ఇంటరో డిగ్రీయో చదివిన ఊరి యువతీ యువకుల మీద పడుతుంది. బడిలో పాఠం చెప్పాలంటే డీఈడీ లేదా బీఈడీ ఉండాలి, టెట్ గట్టెక్కాలి. 2020 జాతీయ విద్యావిధానం ఉపాధ్యాయులకు ఏటా కనీసం 50 గంటల వృత్తి శిక్షణ కోరింది. అదే పిల్లలకు సాయంత్రం చదువు చెప్పే వాలంటీర్లకు మాత్రం గంటల లెక్కేదీ పెట్టలేదు. ఆ లోటు ఎలా పూడ్చాలన్నదే ఈ వ్యాస విషయం.

ఆధారాలు

ఇలాంటి వాలంటీర్లతో చదువు మెరుగుపడుతుందనడానికి తెలుగునాట గట్టి ఆధారం నాగర్‌కర్నూల్ ప్రాంతంలో దొరుకుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో నాంది ఫౌండేషన్ అమలుచేసిన ‘స్ట్రైప్స్’ ప్రయోగం 214 గ్రామాలను తీసుకుంది. లాటరీ పద్ధతిలో ఎంపికైన గ్రామాల్లో ప్రాథమిక తరగతుల పిల్లలకు శిక్షణ పొందిన స్థానిక వాలంటీర్లు బడి వేళల తర్వాత రోజూ రెండు గంటలు పాఠాలు చెప్పారు. 2013లో వెలువడిన ఫలితాల ప్రకారం, భాష, గణితం కలిపిన పరీక్షలో ఆ పిల్లలకు మిగతా గ్రామాల పిల్లలకన్నా సగటున 15.8 శాతం పాయింట్లు ఎక్కువ వచ్చాయి.

ఇదంతా శిక్షణ ఫలితమేనని చెప్పడానికి లేదు. అదనపు సమయం, బోధన సామగ్రి కూడా అందులో కలిసి ఉన్నాయి. ఇదే ఆలోచనను తర్వాత ఆఫ్రికాలోని గాంబియాలో విస్తరించారు. అక్కడ బోధకుల చేతికి ఏ రోజు ఏం చెప్పాలో వివరంగా రాసిన పాఠ్యప్రణాళికలిచ్చారు. పర్యవేక్షకులు తరచూ తరగతికి వచ్చి, చూసి, సరిదిద్దారు. మూడేళ్లలో వచ్చిన ప్రగతి నాగర్‌కర్నూల్ కన్నా చాలా పెద్దది. రెండు చోట్ల పిల్లల ప్రారంభ స్థాయి ఒకటి కాదు కనుక అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. అయినా పని జరుగుతుండగా అందే దిద్దుబాటును శిక్షణలో భాగంగానే చూడాలన్న వాదనకు ఈ అనుభవం బలమిస్తుంది.

చర్చ

ఉమ్మడి కృష్ణా జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ (డైట్) అంగలూరులో ఉంది. చిల్లకల్లు నుంచి అక్కడికి వంద కిలోమీటర్ల పైమాటే. సాయంత్రం రెండు గంటల పనికి అంతదూరం వెళ్లి శిక్షణ పొందమనడం కుదిరే పని కాదు. కాబట్టి శిక్షణకు జగ్గయ్యపేట, నందిగామ మండల వనరుల కేంద్రాలే అనువైన చోట్లు.

ఏం నేర్పాలి? పాఠ్యపుస్తకంలోని విషయం కొంతవరకు వాలంటీర్లకు తెలిసిందే. తెలియనివి మూడు. మొదటిది, ఐదో తరగతి పిల్లవాడు రెండో తరగతి వాచకం చదవగలడో లేడో పరీక్షించి, తరగతిని బట్టి గాక స్థాయిని బట్టి జట్లు కట్టడం. రెండోది, పిల్లవాడు ఎక్కడ తడబడుతున్నాడో రాసిపెట్టి మర్నాడు బడిలో టీచరుకు చెప్పడం. మూడోది, భద్రత. చీకటిపడ్డాక పిల్లల్ని రహదారి దాటించి ఇళ్లకు చేర్చడం ఈ ఊరికి తప్పని పాఠం.

వేసవి సెలవుల్లో కొద్దిరోజుల తొలి శిక్షణ చాలు. తర్వాత వారానికోసారి అనుభవమున్న విశ్రాంత ఉపాధ్యాయుడొకరు తరగతిలో కూర్చుని చూడాలి, నెలకోసారి వాలంటీర్లంతా కలవాలి. గౌరవ వేతనం సకాలంలో అందకపోయినా, ఈ అనుభవానికి ముందు ముందు గుర్తింపు లేకపోయినా వారు విజయవాడకో హైదరాబాద్‌కో ఉద్యోగానికి వెళ్లిపోతారు. వారితోపాటే శిక్షణ ఖర్చూ పోతుంది.

ముగింపు

తొలి శిక్షణ తరగతులతోనే బాధ్యత తీరిందనుకునే పథకం నిలవదు. మండల విద్యాశాఖ, పంచాయతీ కలిసి ముందు వారం వారం తరగతికి వెళ్లి చూసే మనిషిని నియమించాలి. కొత్త కేంద్రాలు తెరవడం ఆ తర్వాతి మాట.