నికోడెమస్ టౌన్‌షిప్

నికోడెమస్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కాన్సస్ రాష్ట్రం, గ్రాహం కౌంటీకి చెందిన ఒక చిన్న గ్రామీణ టౌన్‌షిప్. ఇదే పేరుగల గ్రామం ఇందులో ఉన్నది. బానిసత్వం నుండి విముక్తి పొందిన నల్లజాతి ప్రజలు 1877లో ఈ గ్రామాన్ని స్థాపించుకున్నారు. మిసిసిపీ నదికి పశ్చిమాన ఆ కాలంలో వెలసిన ఇటువంటి గ్రామాలలో నేటికీ నిలిచి ఉన్నదిగా ఇది ప్రసిద్ధి చెందినది.

భౌగోళికం

నికోడెమస్ కాన్సస్ వాయవ్య భాగంలోని మైదాన ప్రాంతంలో, సాలమన్ నది దక్షిణ పాయకు ఉత్తరాన ఉన్నది. 24వ నెంబరు జాతీయ రహదారి గ్రామం మీదుగా పోతుంది. కౌంటీ కేంద్రమైన హిల్ సిటీ ఇక్కడికి పశ్చిమాన ఉన్నది. వర్షపాతం తక్కువ. వాగుల ఒడ్డున తప్ప చెట్లు అరుదు. గోధుమ, జొన్న ముఖ్య పంటలు.

టౌన్‌షిప్ అనునది కౌంటీలో ఒక ఉపవిభాగం. దీనిని మన మండలంతో పోల్చవచ్చును గానీ విస్తీర్ణంలోను, జనాభాలోను చాలా చిన్నది. ప్రభుత్వ భూముల సర్వేలో ఆరు మైళ్ళ పొడవు, ఆరు మైళ్ళ వెడల్పు గల చదరాన్ని టౌన్‌షిప్ అని, అందులోని ఒక్కొక్క చదరపు మైలును సెక్షన్ అని వ్యవహరిస్తారు. సెక్షనుకు 640 ఎకరాలు. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ఒక కుటుంబం అందులో నాలుగవ వంతు, అనగా 160 ఎకరాల వరకు పొందగలిగేది.

చరిత్ర

అంతర్యుద్ధం 1865లో ముగిసి బానిసత్వం రద్దయినను, దక్షిణాదిన నల్లజాతివారికి భూమి గానీ భద్రత గానీ లభించలేదు. ఈ పరిస్థితులలో 1877 ఏప్రిల్‌లో డబ్ల్యు.ఆర్. హిల్ అను శ్వేతజాతి భూవ్యాపారి, డబ్ల్యు.హెచ్. స్మిత్ అను నల్లజాతి మతబోధకుడు మొదలగువారు కలిసి నికోడెమస్ టౌన్ కంపెనీని ఏర్పాటు చేశారు. కెంటకీ రాష్ట్రంలోని చర్చిలలో దీనిని గూర్చి ప్రచారం జరిగినది.

1877 సెప్టెంబరులో సుమారు 300 మంది కెంటకీ నుండి రైలులో ఎల్లిస్ వరకు వచ్చి, అక్కడి నుండి కాలినడకన నికోడెమస్ చేరుకున్నారు. ప్రచారంలో విన్న ఊరు వారికి కనిపించలేదు. ముందుగా వచ్చినవారు నేలలో త్రవ్వుకున్న గుంట ఇళ్ళలో నివసించుచుండిరి. నేలలోనుండి లేచుచున్న పొగయే అక్కడ మనుషులున్నట్లు తెలిపే గుర్తు. నిరాశతో కొన్ని కుటుంబాలు వెనుదిరిగాయి. మిగిలినవారికి పశువులు, పనిముట్లు చాలనందున పారలతోను, గొడ్డళ్ళతోను గడ్డినేలను చీల్చి సాగు ప్రారంభించారు. మొదటి శీతాకాలంలో, వేట ముగించుకొని వెళ్ళుచున్న ఓసేజ్ తెగవారు వీరికి మాంసం పంచి ఇచ్చి ఆదుకున్నారు.

క్రమంగా చర్చిలు, పాఠశాల, దుకాణాలు, హోటలు వెలిశాయి. జెకరయా ఫ్లెచర్ మొదటి పోస్టుమాస్టరు. 1886లో వెస్టర్న్ సైక్లోన్, 1887లో నికోడెమస్ ఎంటర్‌ప్రైజ్ అను పత్రికలు వెలువడినవి. 1878లో ఇక్కడికి వచ్చిన ఎడ్వర్డ్ మెక్‌కేబ్ 1882లో కాన్సస్ రాష్ట్ర ఆడిటరుగా ఎన్నికయ్యాడు. ఆ రాష్ట్రంలో రాష్ట్రస్థాయి పదవికి ఎన్నికైన మొదటి నల్లజాతీయుడు ఇతడే.

రైలుమార్గం – క్షీణత

ఆ రోజులలో రైలు వచ్చిన ఊరు పెరిగేది, రానిది తరిగేది. 1887లో మిసోరీ పసిఫిక్ రైలుమార్గాన్ని రప్పించుటకు టౌన్‌షిప్ ఓటర్లు 16,000 డాలర్ల బాండ్లకు ఆమోదం తెలిపారు. కానీ ఆ మార్గం రాలేదు. 1888లో యూనియన్ పసిఫిక్ సంస్థ వేసిన మార్గం నదికి దక్షిణంగా పోయినది. ఆ మార్గంపై కొద్ది మైళ్ళ దూరంలో బోగ్ అను ఊరు ఏర్పడగా, నికోడెమస్ వర్తకులలో చాలామంది అక్కడికి తరలిపోయారు. రైతులు మాత్రం తమ భూములను వదలలేదు. 1930లలో అనావృష్టి, ధూళి తుఫానులు, ఆర్థిక మాంద్యం వలన జనాభా మరింత తగ్గినది. 1953లో పోస్టాఫీసు మూతబడినది.

నేటి స్థితి

1976లో నికోడెమస్‌ను జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తించారు. 1996 నవంబరులో ఇది జాతీయ చారిత్రక స్థలమైనది. ఇందులో ఐదు కట్టడాలు చేరినవి: రెండు చర్చిలు, సెయింట్ ఫ్రాన్సిస్ హోటలు, పాఠశాల, 1939లో సున్నపురాతితో నిర్మించిన టౌన్‌షిప్ హాలు.

గ్రామ జనాభా నేడు వంద లోపే. అయినను ప్రతి సంవత్సరం జూలై చివరి వారాంతంలో, ఇతర రాష్ట్రాలలో స్థిరపడిన తొలి వలసదారుల వంశీకులు విముక్తి దినోత్సవానికి ఇక్కడికి తిరిగివస్తారు.

ప్రముఖులు

* ఎడ్వర్డ్ మెక్‌కేబ్: కాన్సస్ రాష్ట్ర ఆడిటరు. తరువాత ఓక్లహామాలో లాంగ్‌స్టన్ పట్టణ స్థాపనలో పాల్గొన్నాడు.
* వెరిల్ స్విట్జర్ (1932–2022): గ్రీన్ బే ప్యాకర్స్ జట్టు తరఫున ఆడిన అమెరికన్ ఫుట్‌బాల్ క్రీడాకారుడు. జన్మస్థలం నికోడెమస్.