ఉట్నూరు దస్తావేజులు: పెట్టెలో పట్టా, ప్రధాన్ నోట వంశం

ఉట్నూరు అనగానే మన యువతకు ఐటీడీఏ ఆఫీసు, గోండు రాజుల పాత కోట గుర్తొస్తాయి. చుట్టుపక్కల గూడేల్లోని ట్రంకు పెట్టెల్లో ఇంకో చరిత్ర ఉంది. అది తాతముత్తాతల పేరిట వచ్చిన పట్టా కాగితాలు. నిజాం కాలపువి ఉర్దూలో ఉంటాయి. ఇంట్లో చదివేవారు లేరు, పారేయడానికి మనసు రాదు.

అవి ఊరికే రాలేదు. దున్నే చేను మనదే అయినా కాగితం లేదు. కాగితం తెచ్చుకున్నవాడిదే చేను అయ్యేది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం గోండుల పరిస్థితి తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన భార్య బెట్టీతో మార్లవాయిలో ఉండి, మన మాట విని నివేదికలు రాశారు. ఆ దశాబ్దంలోనే వేల ఆదివాసీ కుటుంబాలకు పట్టాలు దక్కాయి. తర్వాత 1959 భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో సవరణగా వచ్చిన 1/70 చట్టం ఆ భూమికి కంచె అయ్యాయి.

అయితే పట్టాలోని పేరుకూ నేటి ఆధార్‌లోని పేరుకూ మధ్య మూడు తరాలు. ఉర్దూలో హ్రస్వ అచ్చులు సాధారణంగా రాయరు కాబట్టి, తెలుగులోకి దింపితే ఒకే పేరు రెండు మూడు రకాలవుతుంది. ఫలానా తాతకు ఫలానా మనవడని చెప్పేదెవరు? కిక్రి వాయిస్తూ మన సగ, ఇంటిపేరు, పూర్వీకుల కథ చెప్పే ప్రధాన్‌లు. ఇది పాటే కదా అని తీసిపారేయకండి. అటవీ హక్కుల చట్టం నియమాలు పాత రికార్డుల్లోని వ్యక్తులతో సంబంధం చూపే వంశవృక్షాన్నీ, రాతలో పెట్టిన పెద్దల వాంగ్మూలాన్నీ సాక్ష్యంగా ఒప్పుకుంటాయి.

పాత కాగితం ఏం చేయగలదో గుంజాల చూపింది. ఆ ఊళ్లో భద్రంగా ఉన్న రాతప్రతులు బయటికొచ్చాయి కాబట్టే గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. హైమన్‌డార్ఫ్ ఫోటోలు లండన్‌లోని సోయాస్ విద్యాసంస్థ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. వాటిలో ఉన్నదెవరో మన ముసలివాళ్లే గుర్తుపట్టగలరు, వాళ్లు ఉన్నన్నాళ్లే.

మీ ఇంటి కాగితాన్ని ఎండలో కాక నీడలో, పరిచి, రెండు వైపులా ఫోటో తీయండి. వెనక ముద్రలు, సంతకాలు ఉండొచ్చు. లామినేషన్ చేయించకండి. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఇంచుమించు మన సంవత్సరం వస్తుంది: 1356 అంటే 1946. వంశం చెప్పిన పెద్ద పేరు, ఊరు, తేదీ పక్కనే రాయండి. స్కాన్ ఉంది కదా అని అసలును వదిలేయొద్దు. ఆఫీసులో అడిగేది అసలు, లేదా ధృవీకరించిన నకలు.

ఒక్క విషయంలో నాకు భయం ఉంది. ఉత్సాహంలో సర్వే నంబర్లు, బతికున్నవాళ్ల వివరాలు అందరికీ కనబడేలా పెడితే, భూమి మీద కన్నేసినవాడికి మనమే జాబితా అందించినట్టు. అవి తాళం ఉన్న ఖాతాలో, ఇద్దరు ముగ్గురు నమ్మకస్తుల దగ్గరే ఉండాలి. బయట పెట్టాల్సింది పోయిన తరాల కథ, పాత ఫోటోలు, ఊళ్ల పేర్లు. అదీ ఆ ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే.

పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర. మెస్రం పెద్దలు, ప్రధాన్‌లు ఒకే చోట దొరికే రోజులవి. వెళ్లేటప్పుడు ఫోన్ ఛార్జింగ్ నింపుకుని, ఒక నోటుబుక్కు కూడా పట్టుకెళ్లండి.