హ్యారీ పోటర్ ఆఖరి సినిమా: 2011 జులైలో కాచిగూడ ఏడ్చింది, ఎవరూ రాసుకోలేదు

ఈ ఎపిసోడ్ మొదలయ్యే ముందు ఒక డేట్ గుర్తుపెట్టుకోండి. 2011 జులై 15, శుక్రవారం. హ్యారీ పోటర్ ఆఖరి సినిమా రిలీజైన రోజు.

మనం ఇక్కడ ఎక్కువగా రాజులు, కోటలు, యుద్ధాల గురించే మాట్లాడుకుంటాం కదా, ఇవాళ సినిమా ఏంటి అని మీకు అనిపించొచ్చు. ఒక సినిమా చూసి జనం ఎందుకు ఏడ్చారు, ఎవరు ఏడ్చారు, ఎవరి ఏడుపు లెక్కలోకి వచ్చింది, ఎవరిది రాలేదు... ఇది కూడా చరిత్రే. పైగా ఇందులో నేను పదమూడేళ్లకు పైగా దాచిపెట్టిన ఒక అబద్ధం ఉంది. అది చివర్లో చెప్తా. మధ్యలో వెళ్లిపోకండి.

ముందు లెక్కలు చూద్దాం. మొదటి పుస్తకం 1997 జూన్ 26న ఇంగ్లండ్‌లో వచ్చింది. ఏడో పుస్తకం, అంటే ఆఖరిది, 2007 జులై 21న. మొత్తం ఏడు పుస్తకాలు, ఎనిమిది సినిమాలు. ఆఖరి పుస్తకాన్ని రెండు ముక్కలు చేశారు. మొదటి ముక్క 2010 నవంబర్‌లో, రెండో ముక్క 2011 జులైలో రిలీజ్ చేశారు. మొదటి సినిమాలో పదకొండేళ్ల పిల్లలుగా కనిపించినవాళ్లు ఆఖరి సినిమాకి ఇరవై దాటేశారు. చూసేవాళ్లు కూడా వాళ్లతో పాటే పెరిగారు.

ఇంకో విషయం గమనించండి. మొదటి సినిమా లండన్, అమెరికాల్లో 2001 నవంబర్‌లో రిలీజైతే, మన దేశానికి వచ్చేసరికి 2002 ఏప్రిల్. దాదాపు అయిదు నెలల ఆలస్యం. ఆఖరిది మాత్రం అక్కడ ఏ రోజో ఇక్కడా అదే రోజు. ఆ పదేళ్లలో మన మార్కెట్ ఎంత మారిందో ఈ ఒక్క తేడా చూస్తే అర్థమైపోతుంది. పైగా ఆఖరిది ఇంగ్లిష్‌తో పాటు హిందీ, తమిళం, తెలుగులో కూడా వచ్చింది. ఈ 'తెలుగులో కూడా' అన్న మాట పక్కన పెట్టుకోండి. మన కథంతా దాని మీదే.

ఇప్పుడు ఫ్యాన్స్ సంగతి. జులై 7న లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ప్రీమియర్ జరిగింది. జనం రాత్రుళ్లు అక్కడే పడుకుని ఎదురుచూశారు. స్టేజీ మీద హీరో హీరోయిన్లూ ఏడ్చారు, కింద జనమూ ఏడ్చారు. సినిమా ప్రపంచం మొత్తం మీద 130 కోట్ల డాలర్లు దాటింది. ఆ ఏడాది అంత వసూలు చేసిన సినిమా ఇంకోటి లేదు.

అందరూ మెచ్చుకున్నారా అంటే, లేదు. పుస్తకం చదివినవాళ్లకి బోలెడు కంప్లయింట్లు. పుస్తకంలో ఆఖరి పోరాటం అందరి కళ్ల ముందు, పెద్ద హాల్లో జరుగుతుంది. వోల్డెమార్ట్ మామూలు మనిషిలాగే నేల మీద పడి చస్తాడు, శవం మిగులుతుంది. సినిమాలో ఇద్దరే, ఎవరూ లేని చోట కొట్టుకుంటారు. వాడు కాగితం కాలి బూడిదైనట్టు గాల్లో కలిసిపోతాడు. 'ఎంత పెద్ద రాక్షసుడైనా చివరికి మనిషేరా' అన్న పాయింటే పోయిందని వాళ్ల బాధ. పుస్తకంలో హ్యారీ ఆ గొప్ప మంత్రదండంతో ముందు తన పాత విరిగిన మంత్రదండాన్ని బాగుచేసుకుంటాడు. సినిమాలో విరిచి పారేస్తాడు. పందొమ్మిదేళ్ల తర్వాత సీన్‌లో కుర్రాళ్లకి పెద్దవాళ్ల మేకప్ వేస్తే కొందరు నవ్వేశారు. ఆ సీన్ ఒకసారి లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్‌లో తీసి, కుదరక మళ్లీ స్టూడియోలో తీశారు.

ఇవన్నీ మీకు ఎక్కడైనా దొరుకుతాయి. కానీ ఆ రోజుల గురించి నేను ఏది తెరిచినా ఒకే రకం మనిషి కనిపిస్తాడు. ఇంగ్లిష్‌లో ఏడు పుస్తకాలూ చదివి, ఇంగ్లిష్‌లో సినిమా చూసినవాడు. మరి తెలుగులో చూసినవాళ్లు? అంతమంది ఏమైపోయారు?

ఇక్కడి నుంచి మన ఏరియాకి వచ్చేద్దాం.

2011లో నేను ఇంటర్ ఫస్టియర్. మా ఇల్లు తార్నాకలో. మా మేనత్త వాళ్లది కాచిగూడ. మామూలు రోజుల్లో ఆర్ట్స్ కాలేజ్ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కితే జామై ఉస్మానియా, విద్యానగర్, మూడోది కాచిగూడ. అంత దగ్గర. కానీ ఆ జులై మామూలు జులై కాదు. 2009 డిసెంబర్ 9 ప్రకటన తర్వాత తెలంగాణ ఆగిపోయి ఉంది. 2011 జులై 4న ఈ ప్రాంతం ఎమ్మెల్యేలు, ఎంపీలు మూకుమ్మడిగా రాజీనామాలు చేశారు. వెంటనే రెండు రోజుల బంద్. ఉస్మానియా క్యాంపస్ అంటే అప్పట్లో ముళ్లకంచెలు, పోలీసు వ్యాన్లు, టియర్ గ్యాస్. 1939లో కట్టడం పూర్తయిన ఆ ఆర్ట్స్ కాలేజ్ బిల్డింగ్ రోజూ టీవీలో కనిపించేది. గాలి మావైపు వీస్తే తార్నాకలో మా బాల్కనీలో కూడా కళ్లు మండేవి. జులై 13న ముంబైలో బాంబు పేలుళ్లు. రెండు రోజుల తర్వాత హ్యారీ పోటర్.

మా కాలేజీలో ఒక గ్యాంగ్ ఉండేది. అందరం ఇంగ్లిష్ మీడియం. ప్లాన్ ఏంటంటే శుక్రవారం ప్రసాద్స్‌లో ఇంగ్లిష్‌లో, త్రీడీలో చూడాలి. మా నాన్న ఒక్క మాటలో తేల్చేశారు. "బయట పరిస్థితి ఏంది, నీ సినిమా ఏంది? ఎటూ పోయేది లేదు." బతిమాలగా బతిమాలగా ఆదివారం అత్తమ్మ వాళ్లింటికి పోనిచ్చారు. క్యాంపస్ రోడ్డు వద్దని హబ్సిగూడ, రామంతపూర్, అంబర్‌పేట మీదుగా తిప్పి స్కూటర్ మీద దింపారు.

అక్కడ మా బావ ఉన్నాడు. నాకన్నా రెండేళ్లు పెద్ద. సర్కారు బడి, తెలుగు మీడియం. టెన్త్ అయ్యాక స్టేషన్ రోడ్డులో ఒక మొబైల్ రీచార్జ్ షాపులో పనికి కుదిరాడు. హ్యారీ పోటర్ సినిమాలన్నీ టీవీలో హిందీ డబ్బింగ్‌లో చూశాడు. ఒక్కోటి నాలుగైదు సార్లు. మంత్రాలన్నీ నోటికి వచ్చు. ఏ మాస్టారు ఏ సబ్జెక్ట్ చెప్తాడో, ఎవరి మంత్రదండం ఎవరి దగ్గరికి పోయిందో, వరసగా చెప్పేవాడు.

నేనేం చేసేవాడినో తెలుసా? వాడు ఏం చెప్పినా చివర్లో ఒకటే మాట. "బుక్‌లో అట్ల లేదు బావా. నువ్వు బుక్ చదవలే కదా." అంతే, వాడు ఆగిపోయేవాడు.

ఇప్పుడు నా బుక్ కథ వినండి. ఏడో పుస్తకం లండన్‌లో అర్ధరాత్రి దాటాక 12:01కి అమ్మకానికి పెట్టారు. మన టైమ్ ప్రకారం తెల్లవారుజామున 4:31. మన దేశంలో పెద్ద ఊళ్లలో పుస్తకాల షాపులు పొద్దున్నే తెరిచారు, పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు లైన్లలో నిలబడ్డారు. నేను ఆ లైన్‌లో లేను. అప్పటికి నాకు పదకొండేళ్లు, ఆ రేటు మా ఇంట్లో కుదిరేది కాదు. కొన్ని నెలల తర్వాత ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పైరేటెడ్ కాపీ దొరికింది. సన్న కాగితం, మసక అచ్చు. ఇంటికొచ్చి చదువుతుంటే చివర్లో ఒక చోట కథ సడన్‌గా ఎగిరిపోయింది. చూస్తే పదహారు పేజీలు లేవు. బైండింగ్‌లో ఒక కట్ట మొత్తం పడలేదు.

ఏ కట్టో తెలుసా? స్నేప్ చనిపోయాక, అతని జ్ఞాపకాలు హ్యారీ చూసే చాప్టర్. ఏడు పుస్తకాల ముడి మొత్తం విప్పే చాప్టర్. స్నేప్ మంచోడు అని ఫ్రెండ్స్ మాటల్లో తెలుసుకున్నా. కానీ ఎలా, ఎందుకు, ఏం జరిగింది అనేది నేను చదవలేదు. ఎవరికీ చెప్పలేదు. నాలుగేళ్లు చదివినట్టే తల ఊపాను. అలా తల ఊపుతూనే మా బావని 'బుక్ చదవలే కదా' అన్నాను.

సరే, ఆదివారం. కాచిగూడ అంటే మొదటి నుంచీ సినిమా హాళ్ల ఏరియా. ఇంటికి నడిచేంత దూరంలో ఒక సింగిల్ స్క్రీన్, తెలుగు డబ్బింగ్ ఆట. టికెట్లు బావ తీశాడు, వాడి జీతం డబ్బులు. నాకు లోపల చిన్నతనం. హ్యారీ పోటర్ తెలుగులోనా? కాలేజీలో ఎవరికైనా తెలిస్తే పరువు పోతుంది అనుకుంటూ కూర్చున్నా.

హాలు నిండింది. నేను ఊహించుకున్న ఫ్యాన్స్ ఎవరూ లేరు. షాపుల్లో పనిచేసే కుర్రాళ్లు, పిల్లల్ని తెచ్చిన అమ్మలు, హాస్టల్ పిల్లలు, నా వెనక వరసలో రైల్వే యూనిఫామ్‌లో ఒకాయన. నెవిల్ కత్తితో పాము తల నరికినప్పుడు ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో మొదటి ఆట పడ్డట్టు విజిల్స్. రాన్ వాళ్లమ్మ, బిడ్డ మీదికి వచ్చిన మంత్రగత్తెని చంపినప్పుడు ఆడవాళ్ల సీట్ల వైపు నుంచి చప్పట్లు. హ్యారీ చనిపోయాక తెల్లటి స్టేషన్‌లో కళ్లు తెరిచే సీన్ వచ్చింది. బావ నా చెవిలో, "మన కాచిగూడ స్టేషన్ లెక్కనే ఉందిరా, ఖాళీ జేస్తే," అన్నాడు. 1916లో కట్టిన గుమ్మటాల స్టేషన్ మాది. నవ్వొచ్చింది కానీ, ఆ తర్వాత ఆ సీన్ ఎప్పుడు చూసినా నాకు అదే గుర్తొస్తుంది.

దానికి కాస్త ముందే స్నేప్ జ్ఞాపకాలు వచ్చాయి. విజిల్స్ ఆగిపోయాయి. ఫ్యాన్ల చప్పుడు వినిపిస్తోంది. నా దగ్గర లేని పదహారు పేజీలు నా ముందు నడుస్తున్నాయి, అదీ తెలుగులో. చిన్నప్పటి స్నేహం, చెప్పుకోలేని ప్రేమ, చచ్చిపోయిన మనిషిని ఒళ్లో పెట్టుకుని ఏడుపు. నేనూ ఏడ్చేశాను. పక్కన బావా ఏడుస్తున్నాడు. వెనక రైల్వే ఆయన ముక్కు చీదుకుంటున్నాడు. ఆ నిమిషంలో బుక్ చదివినవాడు, చదవనివాడు అనే తేడా ఆ హాల్లో లేదు.

బయటికొచ్చాక బావ ఒక మాటన్నాడు. "ఇంగ నెక్స్ట్ పార్ట్ ఎప్పుడు అని అడుగుడు ఉండదు కదరా." అంతే. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఏడ్చినవాళ్ల బాధ కూడా అదేనని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. కథ పోలేదు, సినిమా మళ్లీ చూసుకోవచ్చు. పోయింది ఎదురుచూపు. మా తాత తరానికి ఇది తెలుసు. 1947 జులైలో చందమామ మొదలైంది. దాసరి సుబ్రహ్మణ్యం గారి మాంత్రికుల సీరియల్స్ కోసం తెలుగు పిల్లలు నెల నెలా వాకిట్లో కాచుకుని ఉండేవాళ్లు. మాయలు, మంత్రదండాలు, గుహలు మనకి లండన్ నుంచి కొత్తగా దిగలేదు. మా బావకి ఆ సినిమా అంత తొందరగా సొంతమైపోవడానికి అదీ ఒక కారణమేనేమో.

సోమవారం కాలేజీలో గ్యాంగ్ అడిగింది, చూశావా అని. చూశా అన్నా. ఇంగ్లిష్‌లోనేనా? ఇంగ్లిష్‌లోనే అన్నా. ఆఖరి పోరాటం బుక్‌లో లాగా లేదని నేను కూడా కంప్లయింట్ చేశా. బావ సంగతి ఎత్తలేదు, హాలు సంగతి ఎత్తలేదు. అదే నా అబద్ధం.

చూశారా, చరిత్రలోంచి మనుషులు ఇలాగే జారిపోతారు. వాళ్లని ఎవరో పైనుంచి వచ్చి తీసెయ్యక్కర్లేదు. పక్కన కూర్చుని ఏడ్చిన నాలాంటివాడు మర్నాడు నోరు మూసుకుంటే చాలు. ఇంగ్లిష్‌లో చూసినవాళ్లు రాసుకున్నారు, అది మిగిలింది. తెలుగులో చూసినవాళ్లు ఇంటికెళ్లి అన్నం తిని పడుకున్నారు. వాళ్ల ప్రేమ ఏమీ తక్కువ కాదు. రాసుకునే చోటు వాళ్లకి లేదు, చెప్పగలిగే నాలాంటివాళ్లకి సిగ్గు.

ఈ ఎపిసోడ్ రాసుకుంటున్నప్పుడు పోయిన వారం బావకి ఫోన్ చేశా. ఇప్పుడు వాడికి సొంత మొబైల్ షాపు ఉంది. పదహారు పేజీల సంగతి మొత్తం చెప్పి సారీ అన్నా. వాడు నవ్వాడు.

"నాకు ఎరకేరా. మీ ఇంటికొచ్చినప్పుడు నువ్వు ట్యూషన్‌కి పోయినవ్, నీ బుక్ తీసి చూసిన. చదవరాకపోయె. ఊకె పేజీలు తిప్పిన. నడుమ నంబర్లు ఎగిరిపోయినయ్. ఇంగ్లిష్ రాకున్నా పేజీలు లెక్కపెట్టుడు వస్తది కదా."

"మరి అప్పుడు ఎందుకు అనలే బావా?"

"ఏమంటర్రా... నీ దగ్గర ఉన్నది ఆ బుక్ ఒక్కటే కదా."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు నాకు మాట రాలేదు.

అందుకే ఇవాళ ఒక చిన్న పని. మీ ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు, డబ్బింగ్‌లో చూసి, టీవీలో చూసి, ఒక కథని మీకన్నా ఎక్కువ ప్రేమించినవాళ్లు. వాళ్లని అడగండి. ఏ హాల్లో చూశారు, పక్కన ఎవరున్నారు, ఎక్కడ ఏడ్చారు. అడిగి రాసుకోండి, ఫోన్‌లోనైనా సరే. మళ్లీ వారం కలుద్దాం. ఉంటా మరి.