నిజామాబాద్ సౌమ్య ఆడిన ఆ సీజన్ గుర్తుందా? ఐడబ్ల్యూఎల్ 2024-25లో ఏం జరిగిందంటే..

నిజామాబాద్: క్రీడల్లో ఇందూరు పేరు చెప్పగానే ముందు గుర్తొచ్చేది బాక్సింగ్. నిఖత్ జరీన్, హుసాముద్దీన్ ఇద్దరూ ఇక్కడివాళ్లే. ఫుట్‌బాల్ అనగానే మాత్రం మనోళ్లు కొంచెం ఆగుతారు. కానీ 2025 మే 2న భువనేశ్వర్‌లో ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ ప్రకటించిన ఉత్తమ క్రీడాకారిణి ఎవరో తెలుసా? మన జిల్లా తండా బిడ్డ గుగులోతు సౌమ్య. పురుషుల్లో ఆ అవార్డు సుభాశిష్ బోస్‌కి వచ్చింది. సౌమ్యకు ఆ అవార్డు తెచ్చిపెట్టిన సీజన్ ఎలా సాగిందో ఒకసారి చూద్దాం.

అసలు ఐడబ్ల్యూఎల్ అంటే ఏంటి?

ఇండియన్ ఉమెన్స్ లీగ్. దేశంలో మహిళల క్లబ్ ఫుట్‌బాల్‌కు ఇదే టాప్ డివిజన్. 2016-17లో మొదలైంది. మొదట్లో జట్లన్నింటినీ ఒకచోటికి పిలిచి కొద్ది రోజుల్లోనే టోర్నీలా ముగించేసేవాళ్లు. 2023-24 నుంచి హోం-అవే పద్ధతి వచ్చింది. అంటే 2024-25లో ప్రతి జట్టు మిగతా వాటితో ఒకసారి సొంతూళ్లో, ఒకసారి వాళ్ల ఊళ్లో ఆడాల్సి ఉండేది. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1. చివరన నిలిచిన రెండు జట్లు కింది డివిజన్‌కు పడిపోతాయి. ఫైనల్ మ్యాచ్ ఉండదు, టేబుల్‌లో టాప్‌లో ఉన్నవాళ్లదే కప్పు.

బోధన్ వైపు సీజన్ అంటే ఒకప్పుడు చెరకు క్రషింగే. 2015 డిసెంబర్‌లో నిజాం షుగర్స్‌కు తాళం పడ్డాక ఆ మాట వినడమే తక్కువైంది. ఈ లీగ్ సీజన్ కూడా దాదాపు అదే టైంలో, చలికాలంలో మొదలై ఎండలు ముదిరే దాకా నడిచింది. 2025 జనవరి 10న స్టార్ట్, ఏప్రిల్ 18న ఎండ్.

బరిలో 8 జట్లు.. మనది ఒక్కటీ లేదు

ఈస్ట్ బెంగాల్, శ్రీభూమి (కోల్‌కతా), గోకులం కేరళ, ఒడిశా ఎఫ్‌సీ, నీతా అకాడమీ (ఒడిశా), సేతు ఎఫ్‌సీ (తమిళనాడు), కిక్‌స్టార్ట్ (బెంగళూరు), హాప్స్ (ఢిల్లీ). ఒక్కో జట్టుకు 14 మ్యాచ్‌లు. లిస్టు మళ్లీ చూడండి. తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. చుట్టూ ఉన్న తమిళనాడు, కర్ణాటక, ఒడిశాలకు జట్లు ఉన్నాయి. కాబట్టి ఇక్కడి అమ్మాయి టాప్ లీగ్ ఆడాలంటే ఊరు విడిచి వెళ్లక తప్పదు. సౌమ్య చేసిందీ అదే.

సౌమ్య 2001 డిసెంబర్‌లో పుట్టింది. నిజామాబాద్‌లో కోచ్ గొట్టిపాటి నాగరాజు దగ్గర ఆట నేర్చుకుంది. తర్వాత బెంగళూరు కిక్‌స్టార్ట్, అక్కడి నుంచి గోకులం కేరళ. 2022లో గోకులం చాంపియన్ అయినప్పుడు ఆ జట్టులోనే ఉంది. అదే ఏడాది జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్ క్లబ్‌కు సంతకం చేసింది. తిరిగొచ్చాక మళ్లీ గోకులం, ఆ తర్వాత ఈస్ట్ బెంగాల్.

ఈస్ట్ బెంగాల్ మనకేం కొత్త కాదులెండి. హైదరాబాదీలు నయీముద్దీన్, హబీబ్ ఒకప్పుడు ఆ ఎరుపు-పసుపు జెర్సీలో కోల్‌కతాను ఊపేసినవాళ్లే. అమ్మాయిల్లో ఆ దారి పట్టింది మన సౌమ్య.

అట్టడుగు నుంచి టాప్‌కి

ముందు సీజన్‌లో ఈస్ట్ బెంగాల్ పరిస్థితి ఏమీ బాలేదు. ఏడు జట్లలో ఆరో స్థానం. 2024-25 కోసం కోచ్‌గా ఆంథోనీ ఆండ్రూస్‌ను తెచ్చుకున్నారు. 2022-23లో గోకులంకు టైటిల్ అందించింది ఆయనే. ఘనా ఫార్వర్డ్ ఎల్షడాయ్ అచీంపాంగ్, మిడ్‌ఫీల్డ్‌లో సంగీతా బాస్ఫోర్, వింగ్‌లో సౌమ్య.. జట్టు రూపమే మారిపోయింది.

ఏప్రిల్ 11న కల్యాణి స్టేడియంలో అసలు పరీక్ష. ఎదురుగా ఒడిశా ఎఫ్‌సీ, అంటే డిఫెండింగ్ చాంపియన్. 67వ నిమిషంలో సంగీత గోల్ కొట్టింది. స్కోరు 1-0. ఇంకా ఆట మిగిలి ఉండగానే కప్పు ఖాయం! చివరికి ఈస్ట్ బెంగాల్ ఖాతాలో 37 పాయింట్లు. అంటే 12 గెలుపులు, ఒక డ్రా, ఒక్కటే ఓటమి. రెండో స్థానంలో గోకులం. పురుషుల జట్టు 2003-04లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ గెలిచాక, జాతీయ లీగ్ టైటిల్ ఈ క్లబ్‌కు రావడం ఇదే తొలిసారి. 21 ఏళ్ల కరువు తీర్చింది అమ్మాయిలే.

మరి ఓడిన ఒడిశా? సినిమా కథ కూడా ఇంత క్రూరంగా ఉండదు. ముందు ఏడాది చాంపియన్, ఈ ఏడాది హాప్స్‌తో పాటు కింది డివిజన్‌కు. ఏడాదిలో సింహాసనం నుంచి గడప బయటికి.

గోల్స్ లెక్క: ఉగాండా ముందు, ఇందూరు వెనకే

టాప్ స్కోరర్ గోకులం స్ట్రైకర్ ఫజీలా ఇక్వాపుట్. తూర్పు ఆఫ్రికాలోని ఉగాండా అమ్మాయి, 24 గోల్స్! రెండో స్థానంలో ఉన్న అచీంపాంగ్‌కు 10. తర్వాత 9 గోల్స్‌తో సౌమ్య, భారత క్రీడాకారిణుల్లో అందరికంటే ముందు.

ఇక్కడ ఒక మాట. 24 ఎక్కడ, 9 ఎక్కడ అని కొందరు తీసిపారేస్తారు. కానీ ఫజీలా నేరుగా గోల్ ముందు ఉండే స్ట్రైకర్. సౌమ్య వింగర్, పక్క నుంచి పరుగెత్తి బంతి అందించడం ఆమె మొదటి పని. దాంతో పాటు 9 గోల్స్ అంటే చిన్న విషయం కాదు. అయితే విదేశీ స్ట్రైకర్లు టేబుల్ పైన కూర్చుంటే మన ఫార్వర్డ్‌లకు గోల్ ముందు ఛాన్స్ తగ్గుతుందన్న వాదన కూడా కొట్టిపారేయలేం. ఉగాండాలో మహిళలకు ఫుఫా ఉమెన్ సూపర్ లీగ్ అని సొంత టాప్ డివిజన్ ఉంది. అలాంటి చోటు నుంచి వచ్చిన ఆటగత్తె మన లీగ్‌లో రికార్డులు దంచుతోందంటే నేర్చుకోవాల్సింది మనమే.

కొసమెరుపేంటంటే, తర్వాతి సీజన్‌కు ఆ ఫజీలానే ఈస్ట్ బెంగాల్ తమ జట్టులోకి లాగేసింది.

ఆ తర్వాత?

టైటిల్‌తో ఈస్ట్ బెంగాల్‌కు ఆసియా మహిళల చాంపియన్స్ లీగ్ టికెట్ దక్కింది. కంబోడియాలో క్వాలిఫయింగ్ దాటి, 2025 నవంబర్‌లో చైనాలోని వుహాన్‌లో ఇరాన్ క్లబ్ బామ్ ఖాతూన్‌పై 3-1తో గెలిచింది. మిగతా రెండు మ్యాచ్‌లు ఓడి ఇంటికొచ్చింది.

సౌమ్య మధ్యలో దేశం తరఫునా మెరిసింది. థాయ్‌లాండ్‌లో జరిగిన ఆసియా కప్ క్వాలిఫయర్స్‌లో మంగోలియాపై భారత్ 13-0తో గెలిచినప్పుడు అందులో రెండు గోల్స్ ఆమెవే. జూలై 5న ఆతిథ్య థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి భారత్ 2026 ఆసియా కప్‌ బెర్త్ పట్టేసింది. ఆ రెండు గోల్సూ సంగీతవే, కల్యాణిలో టైటిల్ గోల్ కొట్టిన అదే సంగీత.