ఇన్‌లెట్ వాల్వు పరిమాణం – ఇంజను వేగం

నాలుగు స్ట్రోకుల ఇంజను శక్తి అది పీల్చుకొనే గాలిని బట్టి ఉంటుంది. ఆ గాలి దారిలో సాధారణంగా అన్నింటికంటే ఇరుకైన చోటు ఇన్‌లెట్ వాల్వు. కనుక వాల్వు ఎంత పెద్దదైతే అంత మేలన్న అభిప్రాయం మెకానిక్కులలో బలంగా ఉన్నది. ఇందులో సగమే నిజం.

చెన్నై శివారు తిరువొత్తియూరులో దశాబ్దాలపాటు తయారైన పాత 350 సీసీ బుల్లెట్‌నే తీసుకుంటే, దాని సిలిండరు వ్యాసం 70 మి.మీ., స్ట్రోకు 90 మి.మీ. నిమిషానికి 5,000 చుట్ల వద్ద పిస్టన్ సగటు వేగం సెకనుకు 15 మీటర్లు. లెక్క కోసం వాల్వు వ్యాసం 35 మి.మీ. అనుకుంటే, దాని వైశాల్యం సిలిండరు వైశాల్యంలో నాలుగో వంతు. గాలి నాలుగు రెట్ల వేగంతో, అనగా సెకనుకు 60 మీటర్ల వేగంతో దూరవలసి ఉంటుంది. 38 మి.మీ. వాల్వుతో ఇది 51 మీటర్లకు తగ్గుతుంది. వాల్వు క్రమంగా తెరచుకొని క్రమంగా మూసుకొంటుంది గనుక వాస్తవ వేగం ఇంతకంటే చాలా ఎక్కువ. ఈ నష్టాలన్నీ కలుపుకొన్న సగటు వేగం ధ్వని వేగంలో సుమారు 0.6 వంతు దాటితే సిలిండరు సరిగా నిండదు. పెద్ద వాల్వు ఆ హద్దును మరింత పై చుట్లకు జరుపుతుంది.

అయితే 2,000 చుట్ల వద్ద పరిస్థితి వేరు. వాల్వుతో పాటు పోర్టునూ వెడల్పు చేస్తే గాలి మందగిస్తుంది. కార్బురేటరు నుంచి వచ్చే పెట్రోలు తుంపరలు గోడలకు అంటుకొంటాయి. పిస్టన్ తిరిగి పైకి లేచేటప్పుడు కూడా తన ఊపుతో లోనికి చొరబడవలసిన గాలికి ఆ ఊపు ఉండదు. బరువుతో ఘాటు ఎక్కే బండికి కావలసిన లాగుడు ఇక్కడే పోతుంది.

లిఫ్టు మాట కూడా ఉన్నది. వాల్వు తన వ్యాసంలో నాలుగో వంతు లేచినప్పుడే దాని చుట్టూ ఏర్పడే సందు ద్వారమంత అవుతుంది. పాత క్యామ్‌తో పెద్ద వాల్వు అమర్చిన వారికి ఆశించిన ఫలితం రాకపోవడానికి ఇదొక కారణం. పైగా బరువైన వాల్వును అధిక వేగంలో స్ప్రింగు అదుపు చేయలేదు. సీట్ల నడుమ లోహం పలచబడి హెడ్డు పగిలే ప్రమాదమూ ఉన్నది.

1912 ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీ గెలిచిన ప్యూజో కారులో సిలిండరుకు నాలుగేసి వాల్వులుండడం ఈ చిక్కుకు చక్కని పరిష్కారం. 25 మి.మీ. వాల్వులు రెండింటి వైశాల్యం ఒక 35 మి.మీ. వాల్వుతో దాదాపు సమానం. చుట్టుకొలత మాత్రం 110కి బదులు 157 మి.మీ. కొద్దిగా లేచినా ఎక్కువ గాలి పోతుంది, ఒక్కొక్కటీ తేలిక కూడా.