రాతిలో దొరికిన తొలి రొయ్య

ఒక యుగపు రాళ్ళలో ఒక జీవి శిలాజం దొరకనంత మాత్రాన, ఆ కాలంలో ఆ జీవి లేదని చెప్పవచ్చునా? రొయ్యల చరిత్ర ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

రొయ్య పెంకు పలుచన. పీత డొప్పలాగా, నత్తగుల్లలాగా సున్నంతో గట్టిపడిన కవచం దానికి ఉండదు. చచ్చిన కొద్ది రోజులకే కుళ్ళి విడిపోతుంది. అందువల్ల పురాతన శిలల్లో రొయ్యల ఆనవాళ్ళు చాలా అరుదు.

1880లో అమెరికన్ శాస్త్రజ్ఞుడు విట్‌ఫీల్డ్, డెవోనియన్ యుగానికి చెందిన ఒక శిలాజానికి ‘పేలియోపేలీమన్’ అని పేరు పెట్టాడు. ఆ పేరుకు ‘ప్రాచీన రొయ్య’ అని అర్థం. కానీ 1978లో జరిగిన పునఃపరిశీలనలో అది రొయ్యల కన్నా లాబ్‌స్టర్ల వర్గానికే దగ్గరిదని తేలింది. పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది.

దాంతో అప్పటికి తెలిసిన రొయ్యల్లో మడగాస్కర్‌లో దొరికిన ట్రయాసిక్ యుగపు శిలాజాలే అతి పాతవయ్యాయి. అయితే ట్రయాసిక్ యుగానికి ముందు, సుమారు 25 కోట్ల సంవత్సరాల క్రితం, సముద్ర జీవజాతుల్లో అధిక భాగం నశించిన మహావిపత్తు ఒకటి సంభవించింది. రొయ్యలు ఆ విపత్తును దాటి వచ్చాయా, లేక దాని తరువాతనే పుట్టాయా?

సమాధానం 2010లో వచ్చింది. ఓక్లహోమా రాష్ట్రంలో రాయల్ మేప్స్‌కు దొరికిన ఒక శిలాజాన్ని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రాడ్నీ ఫెల్డ్‌మన్, క్యారీ ష్వైట్జర్ వర్ణించి, ‘అసిక్యులోపోడా మేప్సై’ అని నామకరణం చేశారు. దాని వయస్సు సుమారు 36 కోట్ల సంవత్సరాలు. పొడవు ఏడెనిమిది సెంటీమీటర్లు. ఆక్సిజన్ తక్కువగా ఉన్న సముద్రపు అడుగున బురద త్వరగా కప్పేయడం వల్ల దాని ఉదరభాగపు కండరాలు సైతం రాతిలో నిలిచాయి.

ఈ ఒక్క నమూనాతో రొయ్యల చరిత్ర పది కోట్ల ఏళ్ళకు పైగా వెనక్కి జరిగింది. అవి ఆ మహావిపత్తును దాటి వచ్చినవేనని రుజువైంది. మన కోస్తా జిల్లాల చెరువుల్లో పెంచే టైగర్, వెన్నామి రొయ్యలు కూడా అసిక్యులోపోడా చెందిన ఉపక్రమానికే చెందుతాయి.

కాబట్టి శిలాజ పట్టికలో ఒక జీవి తొలిసారి కనిపించిన కాలాన్ని దాని పుట్టిన తేదీగా భావించరాదు. అది మనకు ఇప్పటివరకు తెలిసిన హద్దు మాత్రమే.