ఆ బల్ల దగ్గర మీరూ ఉన్నారు

1961 ఏప్రిల్ 4, వాషింగ్టన్. పొడవాటి బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో మీరూ ఒకరు. జనవరిలో అధ్యక్షుడైన కెన్నెడీ ఎదురుగా ఉన్నాడు. సీఐఏ పెద్దలు పథకం వివరిస్తున్నారు. దాదాపు 1,400 మంది క్యూబా ప్రవాసులు బే ఆఫ్ పిగ్స్ తీరంలో దిగుతారు, క్యూబా పాలకుడు కాస్ట్రో మీద జనం తిరగబడతారు. తేడా కొడితే? ఎస్కాంబ్రే కొండల్లోకి జారుకుంటారు.

మీరు మ్యాప్ మీద వేలు పెట్టి చూస్తారు. తీరానికీ ఆ కొండలకీ మధ్య దాదాపు 130 కిలోమీటర్లు. చుట్టూ చిత్తడి నేలలు. ఎలా జారుకుంటారు?

అడగాలనే ఉంది. నోరు పెగలదు. చుట్టూ ఉన్నది యుద్ధాలు చూసిన హేమాహేమీలు. వాళ్లకు తెలియదా, మనకెందుకులే అనిపిస్తుంది. పక్కవాడూ సరిగ్గా అలాగే అనుకుంటున్నాడేమో అన్నది మాత్రం తట్టదు. సెనేటర్ ఫుల్‌బ్రైట్ ఈ దాడి తప్పని గట్టిగా చెబుతున్నాడు. ఆయన బయటివాడు కదా! మీ వంతు వచ్చేసరికి గంగిరెద్దులా తల ఊపేస్తారు.

ఏప్రిల్ 17. ఇప్పుడు మీరు ఆ ప్రవాసుల్లో ఒకరిగా పడవలో ఉన్నారు. చీకటి. అడుగున ఏదో గీరుకుంది. పగడపు దిబ్బ. ఫొటోల్లో నాచు అనుకున్నది ఇదే. నీళ్లలోకి దూకండి. తెల్లారింది. పైన విమానాలు. కాస్ట్రోవి. ఓడ మునిగింది. మందుగుండు అందులోనే ఉంది. కొండలేవీ? కనిపించవు.

మూడో రోజుకు అంతా అయిపోయింది. వందమందికి పైగా చనిపోయారు, దాదాపు 1,200 మంది బందీలయ్యారు.

1962 అక్టోబరు. మీరు మళ్లీ సలహాదారుల మధ్య. మళ్లీ అదే కెన్నెడీ, మళ్లీ క్యూబా. ఈసారి ఫొటోల్లో సోవియట్ క్షిపణులు. బాంబులు వేసేద్దాం అన్నదే మొదటి ఊపు. కానీ కొన్ని సమావేశాలకు కెన్నెడీ రావడం లేదు. అధ్యక్షుడు ఎదురుగా ఉంటే ఆయన మొహం చూసి మాట మార్చేస్తారు మరి. మిమ్మల్ని జట్లుగా విడదీశారు. ఒక జట్టు రాసిన కాగితాన్ని ఇంకో జట్టు చీల్చి చెండాడాలి. మీ శాఖది కాని సంగతి కూడా అడగొచ్చు. బాంబులేస్తే క్షిపణులన్నీ పోతాయా? ఖాయంగా చెప్పలేమంటున్నాడు వైమానిక దళ అధికారి. ఒక్కటి మిగిలితే? అమెరికాలో ఓ నగరం ఉండదు.

22న సముద్ర దిగ్బంధం ప్రకటించారు. 28న సోవియట్ నేత క్రుశ్చేవ్ క్షిపణులు తీసేస్తానన్నాడు. బదులుగా టర్కీలోని తమ క్షిపణులు తొలగిస్తామని అమెరికా రహస్యంగా మాటిచ్చింది. అదృష్టమూ కలిసొచ్చింది, కాదనలేం.

గ్రామసభలోనో పార్టీ ఆఫీసులోనో రేపు మీరు తీర్మానం పెట్టేముందు, పెద్దాయన్ని కాసేపు టీకి బయటికి పంపి చూడండి.